సంఘంలో ఎవరూ బయట సువార్త గురించి నోరు విప్పడం లేదు, ఎలా ప్రోత్సహించాలి? – ఒక సంఘ పెద్ద సమాధానం

తమ్ముడూ, వందనాలు.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ: బాపట్ల దగ్గర పల్లెటూరు, అరవై కుటుంబాల క్రైస్తవ సంఘం, మీరు యవ్వనస్థుల నాయకుడు. ఆదివారం మందిరం నిండిపోతుంది. కరపత్రాలు పంచడానికి రమ్మంటే ముగ్గురు వస్తారు, అందులో ఒకరు మీ అమ్మగారే. పాస్టరుగారు ప్రతివారం గద్దిస్తున్నారు, జనం తల దించుకుని వింటున్నారు, సోమవారానికి మామూలే. ఈమధ్య వార్తలు చూసి భయం కూడా పట్టుకుంది. డిసెంబరులో మూడు రోజుల సువార్త సభలు పెడితే ఊపు వస్తుందా అని అడిగారు.

నేను ప్రకాశం జిల్లాలో బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. సంఘ పెద్దగా ఉంటూ, పాస్టరు లేని పల్లెలకు వెళ్లి వాక్యం చెబుతూ చాలా ఏళ్లు తిరిగాను. సభల సంగతి చివర్లో చెబుతాను, ఎందుకంటే అది చివర ఆలోచించాల్సిన విషయమే.

ముందు ఆ గద్దింపు ఆపించండి. పాస్టరుగారితో పెద్దలు నెమ్మదిగా మాట్లాడవచ్చు. సిగ్గుపడ్డ మనిషి ఒక ఆదివారం కరపత్రాలు పంచుతాడేమో గాని, పక్కింటివాడితో మనసు విప్పి మాట్లాడడు. మనం సాధారణంగా మత్తయి 28లోని ఆజ్ఞ ఎత్తుకుంటాం: వెళ్లండి, సమస్త జనులను శిష్యులుగా చేయండి. అది విన్న నాట్ల కూలీకి తన ఊరు గుర్తు రాదు, ఎక్కడికో వెళ్లే మిషనరీలు గుర్తొస్తారు. తన పని కాదనుకుంటుంది. ఒక్క నెల దాన్ని పక్కన పెట్టి మార్కు 5వ అధ్యాయం చదివించండి. సమాధుల్లో తిరిగిన మనిషి బాగుపడ్డాక, నీతోపాటు పడవలో వస్తానని బతిమాలాడు. యేసు ఒప్పుకోలేదు. నీ ఇంటికి, నీవాళ్ల దగ్గరికి వెళ్లి, ప్రభువు నీకు చేసినవి చెప్పమన్నాడు. అతనికి బోధ రాదు, శిక్షణ లేదు, చేతిలో కాగితం ముక్క లేదు. చెప్పాల్సింది తనకు జరిగింది, చెప్పాల్సింది తనను ఎరిగినవాళ్లకు. అంతే.

మన ప్రాంతంలో సువార్త పాకిన తీరూ ఇదే. ఒంగోలు పేరెత్తగానే అందరూ అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కథ చెబుతారు. ఆయన 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. కానీ అంతకుముందే తాళ్లకొండపాడు మనిషి ఎర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు ఈ మాట విని, ఇంటికొచ్చి తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. తోళ్ల బేరానికి ఏ పల్లెకు వెళ్లేవాడో, ఏ ఊళ్లో పిల్లనిచ్చిపుచ్చుకున్న చుట్టరికం ఉందో, మాట ఆ దారినే వెళ్లింది. 1867లో ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు ఉన్నది ఎనిమిది మంది. ఆ తర్వాత పదేళ్లలో వేలమంది అయ్యారంటే ఒక్క దొర గుర్రమెక్కి తిరిగితే అయ్యే పని కాదు. బావమరిది బావకు చెప్పాడు, వియ్యపురాలు వియ్యపురాలికి చెప్పింది.

కాబట్టి నా మాట ఒక్కటే. మీ సంఘంలో అరవై కుటుంబాలకూ ఇప్పటికే ఊరంతా దారులున్నాయి. నాట్ల ముఠా, పొదుపు సంఘం, పాల కేంద్రం, ఆటో స్టాండు, బడి దగ్గర పిల్లల కోసం నిలబడే అమ్మలు. మీరు కొత్తగా వేయాల్సిన దారి లేదు. ఆ దారుల్లో పడి ఉన్న అడ్డాలు తీయాలి, వెళ్లే మనిషికి చెప్పడం అలవాటు చేయాలి.

ముందు అలవాటు గురించి. మనవాళ్లు సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసింది, చెప్పగలరు, కానీ మందిరంలోనే, మందిరం భాషలోనే. ఒక సంఘంలో నేను చూసింది చెబుతాను. ఆరాధన అయ్యాక చాపల మీద ఇద్దరిద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాం. ఒకరు తన సంగతి చెప్పాలి, రెండోవారు మందిరం మొహమే చూడని పక్కింటి అక్కలా వినాలి. అర్థం కాకపోతే అడ్డుపడి అడగాలి. నలభై ఏళ్ల కూలీ ఒకామె మొదలెట్టింది: "దేవునికి స్తోత్రం, పాపపు ఊబిలో ఉన్న నన్ను ఆయన తన రక్తములో కడిగి..." ఎదురుగా ఉన్న పిల్ల, గడుసుది, "ఏ ఊబి అక్కా? ఎవరి రక్తం?" అంది. అందరూ నవ్వారు. ఆమె బిక్కమొహం వేసింది. సరే, ప్రభువు నమ్ముకున్నాక నీ ఇంట్లో ఏం మారిందో అది చెప్పు అన్నాం. కాసేపు ఊరుకుని ఇలా చెప్పింది:

"మా తోడికోడలికీ నాకూ గోడ తగాదా. జానెడు జాగా. ఏళ్లతరబడి మాటల్లేవు. వాళ్ల పాపకి ఓణీల ఫంక్షన్ చేసినా నేను గడప తొక్కలా. ప్రార్థనకి కూర్చుంటే ఆమె మొహమే కనపడేది. ప్రార్థన సాగేది కాదు. ఒకరోజు పోయి, అక్కా, గోడ నువ్వన్నకాడే కట్టుకో, నాదే తప్పు అన్నా. ఆమె ఏడ్చింది, నేనూ ఏడ్చా. నా అంతట నేనైతే పోయేదాన్ని కాదు, నా సంగతి మీకు తెలుసుగా."

అది మూడు నిమిషాలు కూడా పట్టలేదు. ఊరందరికీ ఆ గోడ తెలుసు, ఆ తగాదా తెలుసు, అది తీరిపోయిందనీ తెలుసు. ఎందుకు తీరిందో మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. నాట్ల దగ్గర గట్టు మీద అన్నాలు తినేటప్పుడు ముఠాలో వాళ్లు అడిగారట కూడా, నవ్వి ఊరుకుందట. అడిగినప్పుడు చెప్పడానికి ఆమె దగ్గర మాట లేక కాదు, చెప్పవచ్చని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆమెకు చదువు రాదు. కరపత్రం ఇచ్చి పంపితే ఏం చేస్తుంది?

ఇది నెలకోసారైనా చేయించండి. మగవాళ్లు మొదట్లో తప్పించుకుంటారు, పెద్దలే ముందు కూర్చుంటే వాళ్లూ కూర్చుంటారు. సాక్ష్యంలో పెంచి చెప్పడం ఉండకూడదు. చిన్న జ్వరాన్ని క్యాన్సరు చేసేవాళ్లు ప్రతి సంఘంలో ఒకరుంటారు, మర్యాదగా సరిదిద్దండి. ఎదుటివాళ్ల దేవుళ్ల గురించి, పూజల గురించి ఒక్క మాట దొర్లకూడదు. మన సంగతి చెప్పడానికి వాళ్లను కించపరచాల్సిన అవసరమే రాదు. మాట చివర "ఆదివారం మందిరానికి రా" అని తగిలించవద్దు. అప్పటిదాకా చెప్పిందంతా దీనికోసమా అనిపిస్తుంది వినేవాళ్లకు. వాళ్లు ఇంకా అడిగితే ఇంకా చెప్పాలి, అడగకపోతే చిక్కుడుకాయల రేటు మాట్లాడుకోవాలి. తెలియని ప్రశ్న వస్తే తెలియదనాలి. మొదటి పేతురు 3:15లో అడిగినవాళ్లకు సాత్వికంతో జవాబు చెప్పమని ఉంది, అడగనివాళ్లను వెంటపడమని లేదు.

ఇప్పుడు అడ్డాలు. ఇది చెప్పడానికి ఇబ్బందిగానే ఉంటుంది, మీ పెద్దలకు చదివి వినిపించేటప్పుడు మీకూ ఇబ్బందే.

మొదటిది డబ్బు. పొదుపు సంఘంలో వాయిదా ఎగ్గొట్టే విశ్వాసి, చిట్టీ పాడుకుని మొహం చాటేసే విశ్వాసి ఎవరో ఊరికి బాగా తెలుసు. అలాంటివాళ్లు ముందు బాకీ తీర్చే ఏర్పాటు చేసుకోవాలి, సాక్ష్యం తర్వాత. అవసరమైతే సంఘ పెద్దలు మధ్యలో కూర్చుని వాయిదాలు రాయించండి. అదొక్కటి చేస్తే మూడు రోజుల సభల కంటే ఎక్కువ ఊళ్లోకి వెళ్తుంది.

రెండోది మైకు. తెల్లవారుజామున నాలుగున్నరకు ప్రార్థన మైకులో పెట్టి, పక్కింట్లో ఇంటర్ పరీక్షలకు చదివే పిల్లకు నిద్ర లేకుండా చేసి, మధ్యాహ్నం ఆ ఇంటికే వెళ్లి దేవుని ప్రేమ గురించి చెబితే ఎవరు వింటారు? రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు బయట లౌడ్‌స్పీకర్ పెట్టకూడదని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల్లోనే ఉంది. గుడి వాళ్లు పెట్టడం లేదా, మసీదు వాళ్లు పెట్టడం లేదా అంటారు మనవాళ్లు. పెట్టనీయండి. మనం తగ్గించుకుంటే మనల్ని ఎవరూ కొట్టరు.

మూడోది ప్రసాదం దగ్గర వచ్చే తగువు. దీని మీద కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే పల్లెల్లో మనసులు విరిగేది ఇక్కడే. వినాయకచవితికి పక్కింటావిడ ఉండ్రాళ్లు తెస్తుంది. మన ఇంటావిడ గుమ్మం దగ్గరే "మేం తినం, మేం నమ్ముకున్నవాళ్లం" అని తలుపు దగ్గరగా వేస్తుంది. తినకూడదన్నది ఆమె మనస్సాక్షి, దాన్ని నేను తప్పుపట్టను. పౌలు కొరింథీ సంఘానికి దీని గురించి మూడు అధ్యాయాలు రాయాల్సి వచ్చిందంటేనే అప్పుడూ తేలిక విషయం కాదని తెలుస్తోంది. కానీ ఆ తలుపు ఎందుకు వేయాలి? లోపలికి రమ్మని కుర్చీ వేయి, కాఫీ ఇవ్వు, "వదినా, ఇది నేను తీసుకోలేను, ఏమీ అనుకోకు, మా పద్ధతి నీకు తెలుసుగా, పిల్లలెలా ఉన్నారు?" అను. అదే వదిన క్రిస్మస్‌కు మన ఇంటి నుంచి కేకు, అరిసెలు సంతోషంగా తీసుకుంటుందన్నది మరవకూడదు. పెళ్లికి పిలిస్తే వెళ్లాలి. పూజ దగ్గర నిలబడలేకపోతే భోజనాల దగ్గర వడ్డించవచ్చు, వంటపాత్రలు మోయవచ్చు. చావు ఇంటికి మాత్రం అందరికంటే ముందు వెళ్లాలి. పొయ్యి వెలగని ఇంటికి అన్నం పంపడం మన ఊళ్లలో ఎప్పటినుంచో ఉన్న మర్యాద. దాంట్లో విశ్వాసులు వెనకబడితే మిగతా ఏం చెప్పినా దండగే. అక్కడ మాత్రం సువార్త ప్రసంగం వద్దు. శవం ఉన్న ఇంట్లో నరకం గురించి మాట్లాడిన పెద్దమనిషిని నేను చూశాను. ఆ వీధిలోకి తర్వాత చాలాకాలం మన సంఘంవాళ్లెవరూ మొహం ఎత్తుకుని వెళ్లలేకపోయారు.

నాలుగోది కులం. మన జిల్లాల్లో ఫలానా మిషను అంటే ఫలానా కులంవాళ్ల పల్లె అని ఊరంతా అనుకుంటుంది. అందులో చాలావరకు నిజముంది. రెండు పల్లెల మధ్య వంద గజాలుంటాయి, రెండు మందిరాలుంటాయి, రెండు శ్మశానాలుంటాయి. పరలోకంలో అందరం ఒకటే అని మైకులో పాడతాం. దోర్నకల్లు బిషపు అజరయ్యగారు, 1912లో అభిషేకం పొందిన మొట్టమొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపు, తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో తిరిగినాయన, దీనితోనే జీవితాంతం పోరాడాడు. ఆయన కాలంలో పై కులాలవాళ్లు కూడా వేలల్లో సంఘంలోకి వచ్చారు. పల్లెల్లోని బీద విశ్వాసుల జీవితాలు మారడం కళ్లారా చూడటం అందుకు పెద్ద కారణం. ఆయన ఇంకో పని చేసేవాడు. బాప్తిస్మం పొందినవాళ్ల చేత తలమీద చెయ్యి పెట్టించి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ, అంటే నాకు కీడు, అని పౌలు రాసిన మాట చెప్పించేవాడు. అంటే సాక్ష్యం పాస్టరు ఉద్యోగం కాదని మొదటిరోజే తెలిసిపోయేది. మీ బాప్తిస్మపు తరగతుల్లో ఈ విషయం ఎక్కడైనా ఉందా చూడండి. చాలాచోట్ల సంపాదనలో పదోవంతు ఇవ్వాలనే దశమభాగం పాఠం ఉంటుంది, ఇది ఉండదు.

ఇక భయం. దాన్ని అవిశ్వాసం అని తిట్టకండి, కారణాలు లేకపోలేదు. చట్టం ఏం చెబుతుందో సంఘానికి తెలియజెప్పండి, సగం భయం తగ్గుతుంది. రాజ్యాంగం 25వ అధికరణం ప్రకారం ఎవరికైనా తన మతాన్ని నమ్మే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కుంది. అది శాంతిభద్రతలకు, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి ఉండాలి. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ప్రచారం చేసే హక్కు ఉంది గాని ఎదుటివాణ్ని మతం మార్చే హక్కు అందులో లేదు అంది. నా లెక్కలో ఇది మన విశ్వాసానికి అడ్డం కానే కాదు. మనం చెప్పేవాళ్లం, మారేది మార్చుకునేది ఆ మనిషికీ దేవుడికీ మధ్య విషయం. నేను ఇది రాసేనాటికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా మతమార్పిడి నిరోధక చట్టం లేదు. శ్రీకాకుళం అవతల ఒడిశాలో మాత్రం 1967 నుంచే ఉంది. చుట్టాలింటికి వెళ్లినప్పుడు అది గుర్తుండాలి. తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో ఇతర మతాల ప్రచారం చేయకూడదని మన రాష్ట్రంలో 2007లో చట్టమే వచ్చింది. అక్కడికి కరపత్రాలు పట్టుకెళ్లడం ధైర్యం కాదు, తెలివితక్కువ. అసలు ఎవరి గుడి ముందైనా అంతే.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. సెలవుల్లో పెట్టే బైబిలు తరగతులకు, అదే వీబీఎస్‌కు, వేరే మతస్థుల పిల్లలు ఆటల కోసం వచ్చేస్తారు. తల్లిదండ్రులకు చెప్పకుండా ఒక్క పిల్లను కూడా కూర్చోబెట్టకండి. చెప్పి, వాళ్లు సరేనన్నాకే. నేను బడిలో ఉన్నన్నాళ్లూ తరగతి గదిలో నా మతం ఎత్తలేదు. ఎవరైనా ఇంటికి వచ్చి అడిగితే చెప్పాను.

సాయం, సువార్త కలపకూడదని చెబితే మనవాళ్లకు కోపం వస్తుంది. వాళ్లకు 1876-78 కరువు సంగతి చెప్పండి. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. జనం మేం విశ్వాసంలోకి వస్తాం, బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. కూలి కోసం, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆయన ఏడాది పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. పని ఆగిపోయాక, ఇవ్వడానికి ఏమీ లేదని తేల్చి చెప్పాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చింది దొర కాదు, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు. ఆ రెండువేల సంఖ్యను అందరూ చెబుతారు, ఆ ఏడాది పైగా ఆగడం ఎవరూ చెప్పరు. నా దృష్టిలో ఆగడమే గొప్ప. మీ సంఘం దుప్పట్లు పంచితే మతం చూడకుండా పంచండి, ఆ రోజు కరపత్రం పంచకండి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టకండి.

స్వస్థత ప్రార్థనల గురించి ఒక్క మాట. ఎవరైనా అడిగితే ప్రార్థన చేయండి. కానీ టీబీ మందు, షుగర్ మాత్రలు, ఫిట్స్ మందు ఆపమని నోటి వెంట రాకూడదు. ఎవరైనా ఆపేస్తే మీరే వెంటబెట్టుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. ప్రార్థన చేసి మనిషిని ఆసుపత్రికి ఆటోలో తీసుకెళ్లిన విశ్వాసిని ఊరు గౌరవిస్తుంది.

మీరు అడగలేదు గాని అడగాల్సింది ఇంకొకటుంది. ఎస్సీ కుటుంబంలో ఎవరైనా బాప్తిస్మం తీసుకుంటానంటే, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైనవాళ్లకు ఎస్సీ హోదా వర్తించదనీ, మన దగ్గర వెనకబడిన తరగతుల్లో సీ గ్రూపు (బీసీ-సీ) కిందికి వస్తారనీ ముందే చెప్పండి. ఈ ఉత్తర్వు న్యాయమా కాదా అని కోర్టుల్లో ఎప్పటినుంచో వాదన నడుస్తోంది, నాకూ అభిప్రాయముంది. కానీ చదువుకునే పిల్లలున్న తండ్రికి ఈ విషయం దాచి బాప్తిస్మం ఇస్తే అది మోసం. తెలుసుకుని, ఆలోచించుకుని, ఎప్పుడు రావాలో ఆయనే చెబుతాడు. తొందరపెట్టకండి, సంఖ్య కోసం అసలు వద్దు.

వాట్సాప్ స్టేటస్‌లలో వాక్యాలు పెట్టుకోవచ్చు, నష్టం లేదు. ఊరి గ్రూపులో మతవాదనలకు మాత్రం మీ కుర్రాళ్లను దిగనీయకండి. అక్కడ గెలిచిన వాదనతో ఇక్కడ ఒక స్నేహితుణ్ని పోగొట్టుకుంటారు.

సభల విషయానికొస్తే, నేనైతే ఈ ఏడాది వద్దంటాను. షామియానా, మైకుసెట్టు, బయటి నుంచి వచ్చే ప్రసంగీకుడి కానుక, మూడు రోజుల భోజనాలు కలిపితే మీలాంటి సంఘానికి అప్పు మిగులుతుంది. మైదానంలో కూర్చునేది కూడా చుట్టుపక్కల సంఘాలవాళ్లే. దానికి బదులు జనవరి దాకా పైన చెప్పిన ఇద్దరిద్దరి పద్ధతి నడపండి. కమిటీ ఒప్పుకోకపోతే ఒక్క సాయంత్రం చేయండి, మందిరం ఆవరణలోనే, పోలీసు స్టేషన్‌లో ముందే చెప్పి, స్పీకర్లు లోపలివైపు తిప్పి, తొమ్మిదికల్లా ముగించండి. బయటి ప్రసంగీకుణ్ని పిలవకండి. మీ ఊరివాళ్లే ముగ్గురు, చాప మీద కూర్చుని అలవాటైనవాళ్లు, తలా ఐదు నిమిషాలు మాట్లాడాలి. వాళ్లు తమ తమ ఇరుగుపొరుగును తామే స్వయంగా పిలుచుకోవాలి, కరపత్రం ద్వారా కాదు. వచ్చినవాళ్లకు భోజనం పెట్టండి, చేతులెత్తమని, ముందుకు రమ్మని అడగకండి.

ఆ ముగ్గురిలో మీ అమ్మగారి పేరు ముందు రాయండి. కరపత్రాలకు ప్రతిసారీ వచ్చేది ఆవిడే కాబట్టి మొహమాటపడకపోవచ్చు. మగవాళ్లను ఎలా కదపాలన్నది వేరే సంగతి. మీ దగ్గర ఆటో, ట్రాక్టర్ నడిపే విశ్వాసులు ఎంతమంది ఉన్నారో రాయండి, దాన్నిబట్టి చెబుతాను.